సులువుగా కుట్టుకోగల వాన పోంచో

అనంతపురంలో ఏడాది వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే కురుస్తుంది గనుక, కాపరులు గొంగడిని కొప్పులా మడిచి కప్పుకునే తీరును తలపించే ఈ పోంచోను, అంటే తల దూర్చి వేసుకునే చేతులు లేని వదులు పైవస్త్రాన్ని, ఆగస్టులోనే కుట్టి ఉంచుకోవాలి. ఒకవైపు పాలీయురెథేన్ పూత ఉన్న నైలాన్ బట్టను 150 సెంటీమీటర్ల పన్నాలో రెండుంబావు మీటర్లు తీసుకుని, పూత లోపలికి వచ్చేలా పొడవును సగానికి మడవాలి.

అసలు పనితనమంతా మెడ దగ్గరే ఉంటుంది. మడత నడుమ 20 సెంటీమీటర్ల వెడల్పు, ముందు 10, వెనుక 2 సెంటీమీటర్ల లోతుతో మెడను కత్తిరించి, తల దూరేందుకు ముందు 15 సెంటీమీటర్ల చీలిక ఇచ్చి, నీరు మొదట చొరబడేది అక్కడే కాబట్టి దానిని పైనుంచి కప్పే వెడల్పాటి పట్టీ వేయాలి. మెడకు కలిపి కుట్టే టోపీ అడుగు అంచు మెడ చుట్టుకొలతకు సరిపోవాలి; నుదుటిపై చిన్న చూరు ఉంటే మరీ మంచిది.

గుండుసూదులు ఈ బట్టకు చెరగని రంధ్రాలు చేస్తాయి. అందుకే క్లిప్పులు వాడి, 3 మిల్లీమీటర్ల పొడవు కుట్టు వేసి, లోపలివైపు సీమ్ టేపును (కుట్టు రంధ్రాల గుండా నీరు రాకుండా మూసే పట్టీని) పల్చని నూలుగుడ్డ మీదుగా తక్కువ వేడితో ఇస్త్రీ చేసి అతికించాలి. పూల అచ్చుల కంటే ముదురు రంగు బట్టకు పసుపు పైపింగే నా దృష్టిలో హుందాగా ఉంటుంది. పక్కలకు కుట్టు బదులు టిచ్ బటన్లు చాలు. స్కూటరు నడిపేవారు మాత్రం అంచు చక్రంలో చిక్కకుండా మోకాలి పైకే ఆపాలి.