మోటార్‌హోమ్ ఆనింగ్‌కు కొత్త గుడ్డ అమర్చుకునే విధానం

అమెరికాలో తిరిగే మోటార్‌హోమ్‌ల (ఇల్లులా ఉండే వాహనాల) ఆనింగ్‌లో, అంటే పక్కన నీడ కోసం తెరిచే గుడ్డ పందిరిలో, సాధారణంగా ముందుగా పాడయ్యేది గుడ్డే కాబట్టి, దాన్ని నిలబెట్టే ఆర్మ్‌లు, గుడ్డ చుట్టుకునే రోలర్ గొట్టం, స్ప్రింగులు బాగున్నంత వరకు మొత్తం సెట్టు మార్చనవసరం లేదు. ఇక్కడ వివరిస్తున్నది మోటారు లేకుండా స్ప్రింగు బలంతో చుట్టుకునే రకం గురించి.

డోమెటిక్, కేర్‌ఫ్రీ వంటి కంపెనీలలో మీది ఏదో, ఏ మోడలో ముందుగా చూసుకోండి. ఆనింగ్ సైజు అంటే రెండు ఆర్మ్‌ల మధ్య దూరం. గుడ్డ వెడల్పు అంతకన్నా తక్కువగా ఉంటుంది కనుక దాన్ని విడిగా కొలవాలి. వినైల్ గుడ్డ వానను బాగా ఆపుతుంది, ఆక్రిలిక్ గుడ్డ గాలి ఆడనిచ్చి త్వరగా ఆరుతుంది. వానలు ఎక్కువగా పడే చోట ఉండేవారికి వినైల్ మేలని నా అభిప్రాయం.

ఈ పనిలో అసలు ప్రమాదం స్ప్రింగుతోనే. ఆనింగ్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు స్ప్రింగు గట్టిగా బిగుసుకుని ఉంటుంది. అదుపు తప్పి ఒక్కసారిగా విడిపోతే వేళ్లు విరిగిపోవచ్చు. అందువల్ల ఏ స్క్రూనూ ముట్టుకోకముందే గొట్టం చివరి మూతలో ఉన్న రంధ్రంలోకి గట్టి పిన్ను దూర్చి స్ప్రింగును కదలకుండా చేయాలి. ఆ తరువాత రైలు (గుడ్డ పై అంచును పట్టి ఉంచే, వాహనం గోడ మీది గాడి బద్ద) చివరల స్క్రూలు తీసి, ఆర్మ్‌లను గోడ నుంచి విడదీసి, ఇద్దరు చెరొక ఆర్మ్ పట్టుకుని పక్కకు నడుస్తుండగా మూడో మనిషి నిచ్చెన మీద నుంచి గుడ్డను రైలులోంచి జరపాలి. గొట్టాన్ని స్టాండ్ల మీద పెట్టి, ఆర్మ్‌లు తీసేశాక, స్ప్రింగు కడ్డీని లాకింగ్ ప్లయర్‌తో బిగించి పట్టుకుని, పిన్ను తీసి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతూ నెమ్మదిగా వదలాలి. ఆ లెక్కను అక్కడికక్కడే రాసుకోండి. తిరిగి బిగించేటప్పుడు అన్నే చుట్లు తిప్పాలి. అయితే విప్పినప్పుడు గుడ్డ పూర్తిగా పరచి ఉంటే, బిగించేటప్పుడూ అలాగే పరచి ఉండాలి, లేకుంటే లెక్క తప్పుతుంది.

మూత గొట్టానికి ఎలా కూర్చుందో మార్కర్‌తో గీత గీసుకుని, రివెట్లను డ్రిల్లుతో తొలిచి మూత తీస్తే పాత గుడ్డ గాడిలోంచి జారి వస్తుంది. కొత్త గుడ్డ అంచులోని ప్లాస్టిక్ తాడును అదే గాడిలోకి ఎక్కించి, మూతకు కొత్త రివెట్లు వేసి, స్ప్రింగు చుట్టి, పిన్ను పెట్టి, ఆర్మ్‌లు బిగించండి.

గోడ రైలు నోటిని స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా వెడల్పు చేసి, గరుకు అంచులను ఆకురాయితో రుద్ది, లోపల సిలికోన్ స్ప్రే కొట్టాలి. తీసినట్టే ముగ్గురూ కలిసి కొత్త గుడ్డను ఆ రైలులోకి ఎక్కించండి. గుడ్డను వంకరగా లాగితే అంచు రైలు నోటి దగ్గరే చిరుగుతుంది. ఆర్మ్‌లను గోడకు తిరిగి బిగించాక, గుడ్డను సమంగా సర్ది రైలు చివరల స్క్రూలు వేయండి. ఆ తరువాతే పిన్ను తీసి, ఆనింగ్‌ను లాగే పట్టీని చేత్తో పట్టుకుని మెల్లగా చుట్టనివ్వండి. గుడ్డ ఒకవైపుకు జరుగుతూ చుట్టుకుంటే, మళ్లీ తెరిచి రైలులో దాని స్థానాన్ని సరిచేయాలి.