ఇంటి గ్యారేజీలో పాత కారు - 3వ పాఠం: నేల, జాకీ, స్టాండ్లు

పోయిన పాఠంలో పానాలు సర్దుకున్నాం. ప్రీమియర్ పద్మిని కారుకు మిల్లీమీటర్ల సెట్టు, పాత 1489 సీసీ ఇంజన్ అంబాసిడర్‌కు అంగుళాల సెట్టు విడివిడిగా పెట్టుకున్నారు కదా. ఇవాళ కారును పైకి లేపుదాం. ఈ పాఠాన్ని మాత్రం రెండుసార్లు చదవండి. ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణం మీదికొస్తుంది.

ముందు నేల సంగతి. మన హైదరాబాద్ పాత ఇళ్ల పోర్టికోల్లో చాలావరకు షాబాదు బండలే. ఏళ్లు గడిచేకొద్దీ వాటి కింద పరిచిన ఇసుక అక్కడక్కడా జారిపోతుంది. పైకి మాత్రం బండ నున్నగా, గట్టిగానే కనిపిస్తుంది. సుత్తి పిడితో ఒక్కో బండనూ నాలుగు మూలలా, మధ్యలోనూ కొట్టి వినండి. 'టక్'మని గట్టిగా పలికితే మంచిదే. ఖాళీ కుండను కొట్టినట్టు 'డబ్'మంటే కింద బోలుగా ఉన్నట్టు. ఆ బండ మీద సుద్దముక్కతో ఇంటూ గీసేయండి, స్టాండు (జాకీతో లేపాక కారు బరువును మోసే ఇనుప కాళ్ల ఆధారం) దాని మీదికి రాకూడదు. పద్మిని బరువు సుమారు 900 కిలోలు. వెనక వైపు లేపితే ఒక్కో స్టాండు మీద రెండొందల కిలోలకు పైనే పడుతుంది, అదీ నాలుగు చిన్న కాళ్ల మీద. మంచి బండ మీదైనా స్టాండు కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వేయండి.

తర్వాత వాలు చూడాలి. వాన నీళ్లు పోవడానికి పోర్టికోను గేటు వైపు వాలుగా కడతారు. ఒక గోలీని నేల మీద వదలండి. అది ఎటు దొర్లుతుందో కారూ అటే పోవాలని చూస్తుంది.

ఇది నాకు అనుభవమే. పద్మిని వెనక భాగాన్ని మొదటిసారి లేపిన రోజు హ్యాండ్‌బ్రేకు బిగించాను, గేరులో కూడా పెట్టాను. ఇంకేం భయం అనుకున్నాను. వెనక చక్రాలు నేలను వదిలాయో లేదో, కారు మెల్లగా ముందుకు కదిలి జాకీ మీద నుంచి దిగిపోయింది. అప్పటికి నేనింకా కిందికి దూరలేదు. ఆలోచిస్తే కారణం తేలిగ్గానే అర్థమైంది. పద్మిని అయినా అంబాసిడర్ అయినా హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, ఇంజన్ తిప్పేదీ వాటినే. అవి గాల్లోకి లేస్తే బ్రేకూ లేనట్టే, గేరూ లేనట్టే. ముందు చక్రాలను ఆపేది మీరు పెట్టే చెక్క దిమ్మలే. ఒక్కో చక్రానికీ ముందొకటి, వెనకొకటి, మొత్తం నాలుగు. ఇటుకలు పెట్టకండి, బరువు పడగానే పగులుతాయి.

ఇక జాకీ. ట్రాలీ జాకీ (చక్రాల మీద దొర్లే నూనె జాకీ) తల నిట్టనిలువుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. కాబట్టి లేపుతున్నంతసేపూ జాకీ చక్రాలు కొద్దికొద్దిగా దొర్లాలి. బండల మధ్య సందులో ఆ చిన్న చక్రం ఇరుక్కుంటే తల పక్కకు జారుతుంది. అందుకే జాకీ చక్రాలు సందు మీదికి రాకుండా చూసుకోండి. వీల్ నట్లను కారు నేల మీద ఉన్నప్పుడే అర చుట్టు వదులు చేయండి.

వెనక లేపాలంటే డిఫరెన్షియల్ (వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గుండ్రటి గేర్ల డబ్బా) కింద చెక్క ముక్క పెట్టి లేపి, స్టాండ్లను యాక్సిల్ గొట్టం కింద, కమాను పట్టీలకు దగ్గరగా పెట్టాలి. ఆ గొట్టం వెంబడే బ్రేకు పైపు పోతుంది, స్టాండు తలకూ గొట్టానికీ మధ్య అది నలగకుండా వేలితో తడిమి చూడండి. ముందు వైపైతే జాకీ పెట్టాల్సింది క్రాస్ మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) కింద. ఇంజన్ సంపు (ఇంజన్ అడుగున ఆయిలు ఉండే తొట్టి) కింద జాకీ ఎప్పుడూ పెట్టకండి. ఎక్కడ పెట్టినా ముందు స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి, మొన దిగితే అది తుప్పు. పైన పెయింటు మెరుస్తున్నా లోపల రేకు పోయి ఉండొచ్చు.

స్టాండ్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి. జత 3 టన్నులవి తీసుకోండి. పెట్టెలోంచి తీయించి వెల్డింగ్ అతుకులు చూడండి, ఎత్తు సరిచేసే పళ్లలో కొక్కెం పూర్తిగా కూర్చుంటోందో చూడండి. ఇక్కడ డబ్బు ఆదా చేయాలనుకోవద్దు. జాకీ ఎంత మంచిదైనా నూనె సీలు మీదే నిలబడుతుంది, ఆ సీలు పోతే కారు కిందికి దిగిపోతుంది. కారు కిందికి దూరేది స్టాండ్ల మీద బరువు దించాకే.

కారు కింద నిలబడి పని చేయడానికి గుంత తవ్వుదామా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, గుంతలో పేరుకుంటుంది. వానాకాలంలో నీళ్లూ ఊరతాయి. దానికి బదులు పాత ఫ్లెక్సీ ఒకటి పరుచుకుని పడుకోండి. వీపు సాఫీగా జారుతుంది, ఆయిలు బండలకు అంటదు.

ఈ వారం పని ఒకటే. సాయంత్రం కారు వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలపండి. బంపర్ పట్టుకుని గట్టిగా అటూ ఇటూ ఊపండి. బంపర్ నుంచి నేలకు రెండు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి. కిందికి దూరకండి, రాత్రంతా అలాగే వదిలేయండి. పిల్లలు అటు వెళ్లకుండా గేటుకు తాళం వేయండి. పొద్దున్నే మళ్లీ కొలవండి. ఒక వైపు అర సెంటీమీటరు తగ్గినా ఆ బండ తీయించి కింద కాంక్రీటు వేయించాల్సిందే.