టైమ్ జోన్ వల్ల ఫెయిలయ్యే టెస్టులు – 3వ పాఠం: సర్వర్ గడియారాన్ని ముట్టుకోకండి

గత పాఠంలో సమయాన్ని యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉండే ప్రామాణిక సమయం) భద్రపరచడం నేర్చుకున్నాం. అలా దాచిన సమయాన్ని తిరిగి తేదీగా చూపించేటప్పుడు ఎదురయ్యే చిక్కును ఈసారి పైథాన్‌లో పరిశీలిద్దాం.

ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్ ప్రతి చెల్లింపు సమయాన్నీ 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్కలో దాస్తుందనుకుందాం. ఒక చెల్లింపుకు ఆ విలువ 1710448200. యూటీసీ ప్రకారం అది 2024 మార్చి 14 రాత్రి 8:30. మన కాలమానం అయిదున్నర గంటలు ముందుంటుంది కనుక హైదరాబాదులో అప్పటికి మార్చి 15 తెల్లవారుజామున 2 గంటలు. రసీదు మీద 15వ తేదీ రావాలని రాసిన టెస్టు మన ల్యాప్‌టాప్‌లో పాసవుతుంది, యూటీసీలో నడిచే బిల్డ్ సర్వర్‌లో (మన కోడ్‌ను తీసుకుని టెస్టులను తనంతట తాను నడిపే యంత్రం) మాత్రం 14 వచ్చిందని చెప్పి ఫెయిలవుతుంది.

దీనికి కారణం, సెకన్లను తేదీగా మార్చే ఫ్రమ్‌టైమ్‌స్టాంప్ ఫంక్షన్‌కు మనం సెకన్లు మాత్రమే ఇచ్చి ఊరుకోవడం. ఏ జోన్‌లో తేదీ కావాలో చెప్పకపోతే, అది ఆ క్షణాన తాను నడుస్తున్న యంత్రం జోన్‌నే తీసుకుంటుంది.

ఇక్కడ చాలామంది బిల్డ్ సర్వర్‌లో టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (ప్రోగ్రామ్‌లకు యంత్రం జోన్ ఏదో చెప్పే సెట్టింగ్) ఏషియా/కోల్‌కతాగా, అంటే భారత కాలమానంగా మార్చి చేతులు దులుపుకుంటారు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. టెస్టు పాసైంది కానీ, అసలు ప్రోగ్రామ్ నడిచే సర్వర్ యూటీసీలోనే ఉండటంతో తప్పు తేదీలు నేరుగా వాడుకదారుల రసీదుల మీదికి ఎక్కాయి. టెస్టు చెప్పింది నిజమే, నేనే దాని నోరు నొక్కాను.

సరైన పద్ధతి ఏమిటంటే, పైథాన్ 3.9 నుంచి అందుబాటులో ఉన్న జోన్‌ఇన్ఫో అనే మాడ్యూల్‌తో ఏషియా/కోల్‌కతా జోన్‌ను తయారుచేసి, దాన్ని అదే ఫంక్షన్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలి. విండోస్‌లో పనిచేసేవారు జోన్‌ల వివరాలుండే టీజెడ్‌డేటా ప్యాకేజీని కూడా ఇన్‌స్టాల్ చేసుకోవలసి రావచ్చు.

ఆ తరువాత లినక్స్‌లోనో మ్యాక్‌లోనో టీజెడ్ విలువను యూటీసీ, ఏషియా/కోల్‌కతా, అమెరికా/న్యూయార్క్‌గా మారుస్తూ టెస్టులన్నిటినీ మూడుసార్లు నడపండి; ఫలితం మూడుసార్లూ ఒక్కటే అయితే ప్రోగ్రామ్ ఇక యంత్రం జోన్ మీద ఆధారపడటం లేదని చాలావరకు నమ్మవచ్చు. ఈటీసీ/జీఎంటీ+5 వంటి పేర్లు మాత్రం వాడకండి. వాటిలో గుర్తు తలకిందులుగా ఉంటుంది. ఆ పేరుకు అర్థం యూటీసీ కంటే అయిదు గంటలు వెనక అని.

"ఈ రోజు" అనే మాట మీద నడిచే టెస్టులది మరో రకం తెగులు. ప్రోగ్రామ్ యూటీసీ తేదీని, టెస్టు స్థానిక తేదీని తీసుకుంటే, మన దగ్గర అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 వరకు మాత్రమే ఫెయిలై, తెల్లారి చూసేసరికి ఏమీ ఎరగనట్టు పాసవుతాయి. ప్రస్తుత సమయాన్ని ఫంక్షన్ లోపల అడగకుండా, బయటినుంచి పారామీటర్‌గా అందించి, టెస్టులో దానికి ఒక స్థిరమైన విలువ ఇస్తే ఈ తెగులు పోతుంది.

అభ్యాసం: న్యూయార్క్‌లో 2024 మార్చి 10 తెల్లవారుజామున 2 గంటలకు గడియారాలను 3 గంటలకు జరిపారు. అక్కడి మార్చి 9 మధ్యాహ్నం 12 గంటల సమయాన్ని సెకన్లలోకి మార్చి, 86400 కలిపి, తిరిగి న్యూయార్క్ సమయంగా మారిస్తే ఎంత వస్తుందో ముందు ఊహించి, ఆపైన టెస్టు రాయండి. 4వ పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.