స్టాక్ స్ప్లిట్ టైమ్‌లో ఆప్షన్స్ – 4వ భాగం: స్ట్రైక్ తగ్గింది, లాట్ పెరిగింది, మరి మన డబ్బు?

పోయిన భాగంలో ఫేస్ వాల్యూ (షేర్ మీద కంపెనీ రాసిన ధర), రికార్డ్ డేట్, ఎక్స్‌డేట్ (షేర్ కొత్త ధరతో ట్రేడ్ అవడం మొదలయ్యే రోజు) చూశాం కదా, ఇవాళ స్ప్లిట్ రోజు, అంటే ఒక షేర్‌ని చిన్న షేర్లుగా విడగొట్టే రోజు, మీ చేతిలో ఆప్షన్ (ముందే అనుకున్న ధరకి షేర్లు కొనే లేదా అమ్మే హక్కు) ఉంటే దానికి ఏమవుతుందో చూద్దాం. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి, చదువుతూ మీరే లెక్క వేసుకుంటేనే ఎక్కుతుంది.

ఐఆర్‌సీటీసీని తీసుకుందాం. 2021 అక్టోబర్ 28న పది రూపాయల ఫేస్ వాల్యూ షేర్ ఒకటి, రెండు రూపాయల షేర్లు ఐదు అయింది. లాట్ (ఒక ఆప్షన్ కాంట్రాక్ట్‌లో ఉండే షేర్లు) అంతకుముందు 325, ఆ రోజు నుంచి 1625. మీ దగ్గర 4500 కాల్ (4500కి కొనే హక్కు, ఆ 4500నే స్ట్రైక్ అంటారు) ఒక లాట్ ఉంది, ప్రీమియం (ఒక్కో షేర్‌కి ఆప్షన్ ధర) 100 ఉంది అనుకోండి (ప్రీమియం లెక్క కోసం నేను వేసుకున్నది), అంటే 32,500 రూపాయలు. ముందురోజు మార్కెట్ క్లోజ్ అయ్యాక ఎక్స్ఛేంజే దాన్ని మార్చేస్తుంది, మీరు ఏమీ నొక్కక్కర్లేదు, పొద్దున లేచేసరికి అది 900 కాల్ అయి ఉంటుంది, లాట్ 1625, ప్రీమియం 20 దగ్గర. 1625 ఇంటూ 20 వేసి చూడండి, మళ్ళీ 32,500 వస్తుంది. పుట్‌కైనా (అమ్మే హక్కు), అమ్మిన ఆప్షన్‌కైనా ఇదే లెక్క.

కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నిన్న వంద ఉన్న ప్రీమియం ఇవాళ ఇరవైకే కనిపిస్తోంది, చీప్‌గా దొరుకుతోంది కదా అని కొనేస్తారు. చీప్ ఏం కాలేదండీ, ఒక లాట్‌కి కట్టేది అంతే. షేర్ ధర తగ్గింది కాబట్టి షేర్లు కొనే చిన్న ఇన్వెస్టర్‌కి వెసులుబాటు ఉంటుంది, ఒక్క షేరైనా కొనుక్కోవచ్చు, ఆప్షన్‌లో మాత్రం లాట్ కూడా అంతే పెరిగింది కాబట్టి చిన్నగా మొదలుపెట్టే దారి లేదు.

ఇంకోటి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, నాకైతే ఈ పాఠం మొత్తంలో ఇదే ముఖ్యం అనిపిస్తుంది. టాటా స్టీల్ 2022 జులై 28న ఒకటికి పది అయింది, లాట్ 425 నుంచి 4250కి వెళ్ళింది. ఆప్షన్ ధర కదిలేది కనీసం ఐదు పైసలు, స్ప్లిట్ అయినా అది మారలేదు. స్ప్లిట్‌కి ముందు ఐదు పైసలంటే ఒక లాట్‌కి 21 రూపాయల 25 పైసలు, తర్వాత అదే ఐదు పైసలు 212 రూపాయల 50 పైసలు. ఇప్పుడు బిడ్ (కొనేవాళ్ళు ఇస్తామనే ధర) 1.00, ఆస్క్ (అమ్మేవాళ్ళు అడిగే ధర) 1.10 ఉన్న దూరపు కాల్ (స్ట్రైక్ షేర్ ధరకి చాలా పైన ఉన్నది) ఒకటి కొన్నారు, వెంటనే అమ్మారు అనుకోండి, షేర్ కదలకుండానే 425 రూపాయలు పోయాయి, బ్రోకరేజ్, ట్యాక్స్‌లు వేరే. పాత ధరలో కూడా గ్యాప్ ఉండేది నిజమే, కానీ అప్పుడు మధ్యలో లిమిట్ ఆర్డర్ (మనం చెప్పిన ధరకే) పెట్టుకోడానికి బోలెడు ధరలు ఉండేవి, ఇప్పుడు ఆ రెండింటి మధ్య ఉన్నది 1.05 ఒక్కటే. అందుకే స్ప్లిట్ తర్వాత రూపాయి రెండు రూపాయల ప్రీమియం ఆప్షన్లలో మార్కెట్ ఆర్డర్ (ఎంత ధర ఉంటే అంతకి) అస్సలు వద్దు.

మళ్ళీ ఐఆర్‌సీటీసీకి వద్దాం. ఆ అక్టోబర్ 28 అక్టోబర్ సిరీస్ (ఆ నెల ఆప్షన్లు) ఎక్స్‌పైరీ (గడువు తీరే రోజు) కూడా, అంటే ఆ సిరీస్ వాళ్ళకి కొత్త లాట్‌తో ఒక్కరోజే దొరికింది. అదే సాయంత్రం, కన్వీనియన్స్ ఫీజులో సగం రైల్వే శాఖకి ఇవ్వాలనే వార్త వచ్చింది, మర్నాడు షేర్ 25 శాతానికి పైగా పడిపోయింది, కాసేపటికే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారని తెలిసి చాలావరకు కోలుకుంది. నవంబర్ పుట్లు కొన్నవాళ్ళకి గంటల్లో లాభం వచ్చింది, పట్టుకుని కూర్చున్నవాళ్ళకి చాలావరకు గంటల్లోనే పోయింది. స్ప్లిట్‌కి దీనికి ఏ సంబంధం లేదు చూడండి. స్ప్లిట్ తేదీ అందరికీ ముందే తెలుసు, ఆ తేదీ కోసమని ఆప్షన్ కొంటే మీకు కలిసొచ్చేది ఏమీ ఉండదు, కదలిక వచ్చేది రిజల్ట్స్ నుంచో ఇలాంటి వార్తల నుంచో.

షేర్లు పెట్టుకుని కాల్ అమ్మేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త. ఆప్షన్ ఎక్స్‌డేట్ పొద్దునకే మారిపోతుంది గానీ కొత్త షేర్లు డీమ్యాట్‌లోకి రావడానికి కొంచెం టైమ్ పడుతుంది, ఈలోపు యాప్‌లో షేర్లు 80 శాతం నష్టంలో ఉన్నట్టు కనిపిస్తే కంగారుపడి ఏదీ అమ్మేయకండి. పాత ధర మీద పెట్టిన జీటీటీలు (ధర ఒక స్థాయికి వస్తే వాటంతటవే వెళ్ళే ఆర్డర్లు), అలర్ట్‌లు మాత్రం ముందురోజే తీసేసి కొత్త ధరతో పెట్టుకోండి.

అమెరికాలో ట్రేడ్ చేసే మనవాళ్ళకి ఒక ముక్క, అక్కడ పద్ధతి వేరు. 2024 జూన్‌లో ఎన్విడియా ఒకటికి పది అయినప్పుడు 1200 కాల్ ఒక కాంట్రాక్ట్, 120 కాల్ పది కాంట్రాక్ట్‌లు అయింది, ఒక్కోటి వంద షేర్లే. అంటే అక్కడ పదిలో మూడు అమ్మేసి ఏడు ఉంచుకోవచ్చు, ఇక్కడ మనకి ఒక లాట్ ఒక లాట్‌గానే ఉంటుంది.

ఇక హోంవర్క్. 2025 జూన్‌లో బజాజ్ ఫైనాన్స్ స్ప్లిట్, బోనస్ (ఉచితంగా ఇచ్చే షేర్లు) రెండూ కలిపి ఇచ్చింది, రెండు రూపాయల ఫేస్ వాల్యూని ఒక రూపాయి చేసింది, పైగా ఒక షేర్‌కి నాలుగు బోనస్. 9400 కాల్ కొత్త స్ట్రైక్ ఎంత, లాట్ ఎన్ని రెట్లు? ఆరు అని వస్తే కూడినట్టు, ముందు స్ప్లిట్ వేసి వచ్చిన షేర్ల మీద బోనస్ వేయండి. 5వ భాగంలో ఈ లెక్క తేల్చి, ఎక్స్‌పైరీకి షేర్లు డెలివరీ ఇవ్వాల్సొస్తే ఏంటనేది చూద్దాం.