నలుగురినీ ధ్యానంలో కూర్చోబెట్టడం – 5వ పాఠం: కళ్లు మూసుకున్నవాళ్లకి ఏం చూపిస్తాం?

పోయిన పాఠంలో గొంతు గురించి చెప్పుకున్నాం. మీ మాటల్ని ఫోన్లో రికార్డు చేసుకుని కళ్లు మూసుకుని వినమన్నాను. విన్నవాళ్లలో చాలామందికి తమ గొంతు పరుగెడుతున్నట్టు అనిపించి ఉంటుంది. మొదట్లో అందరికీ అంతే. ఆ సాధన మానకండి, ఈ పాఠంలోనూ దాంతో పనుంది.

ఇప్పటిదాకా మనం కూర్చోబెట్టడం, ఊపిరి మీదకి తీసుకురావడం, మధ్యలో మౌనం ఉంచడం నేర్చుకున్నాం. ఇక చాలామంది ఇష్టంగా చేసే పని ఒకటుంది. ‘ఒక అందమైన చోటు ఊహించుకోండి’ అని చెప్పడం. నదీ, కొండా, తోటా, వెన్నెలా. వినడానికి ఎంతో బాగుంటుంది. నేను ఎక్కువ పొరపాట్లు చేసిందీ ఇక్కడే. అందుకే ఈ పాఠం కాస్త నెమ్మదిగా చదవండి.

కొన్నేళ్ల కిందట కోనసీమలో, గోదారి పాయల మధ్య ఉండే ఒక లంక ఊళ్లో, రామాలయం మండపంలో, సాయంత్రం ఆరున్నరకి ఇరవై మంది దాకా కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఊపిరి మీద ఐదు నిమిషాలు చక్కగా నడిచింది. అప్పుడు నేను ముందే రాసుకున్న కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. ‘మీరు గోదారి ఒడ్డున కూర్చున్నారు. చల్లటి నీళ్లు మెల్లగా మీ పాదాల్ని తాకుతున్నాయి. ఇంకొంచెం పైకి వస్తున్నాయి. మీ బరువంతా ఆ నీళ్లలో కలిసిపోతోంది...’

రెండో వరసలో స్తంభానికి ఆనుకుని ఒక పెద్దావిడ కూర్చున్నారు. ఆవిడ కుడి చెయ్యి చాప అంచుని పట్టుకుంది. మొదట వేళ్లతో, తరవాత పిడికిలితో. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఊపిరి గొంతు దగ్గరే ఆడుతోంది. నేను చూశాను. చూసి కూడా ఆగలేదు. కాగితం పూర్తి చేయాలన్న టెన్షన్‌లో చివరి వాక్యం దాకా చదివేశాను.

అందరూ లేచి వెళ్లాక కూడా ఆవిడ అలాగే కూర్చుని ఉన్నారు. దగ్గరికెళ్లి, ‘ఏం మామ్మగారూ, ఒంట్లో బాగాలేదా?’ అని అడిగాను.

‘ఎనభయ్యారులో నీళ్లు అలాగే వచ్చాయమ్మా. మెల్లగానే వచ్చాయి. ముందు వాకిట్లోకి, తరవాత అరుగు మీదకి. గేదెల పలుపులు విప్పేసి మేం అటకెక్కాం. నువ్వు పాదాలూ అనగానే నాకా చల్లదనం తగిలింది’ అన్నారు.

1986 ఆగస్టు వరద సంగతి మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. ఆ నీళ్లలో రాత్రంతా గడిపిన మనిషి చేత కళ్లు మూయించి, మళ్లీ ఆ నీళ్లనే పాదాల మీదకి పంపించాను. రాజమండ్రి రేవులో పొద్దున్నే స్నానం చేసి వచ్చేవాళ్లకి గోదారి తల్లి. లంకలో ఉండేవాళ్లకీ తల్లే, కానీ శ్రావణంలో ఆ తల్లి ముఖం వేరు. ఏటిగట్టుకి ఇవతల ఇల్లున్నవాళ్లూ అవతల ఇల్లున్నవాళ్లూ ఒకే చాప మీద కూర్చున్నప్పుడు, ‘గోదారి’ అన్న ఒక్క మాట అందరికీ ఒకేలా వినిపించదు.

నది ఒక్కటే కాదు. కొబ్బరితోటలో గాలి ఎంత హాయి అనుకుంటాం. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో కోనసీమలో ఉన్నవాళ్లని అడగండి, కొబ్బరి మట్టల చప్పుడు పెరుగుతుంటే ఏమనిపిస్తుందో. ఇంకోటి చెబుతాను, ఇది నాకు ఒక రొయ్యల రైతు నేర్పించారు. ‘అల లేని చెరువులా మనసు నిశ్చలంగా’ అన్నాను ఒకసారి. ఆయన తరవాత మర్యాదగా చెప్పారు. ‘అమ్మా, రాత్రిపూట చెరువు కదలకుండా ఉందంటే మాకు గుండె ఆగుతుంది. కరెంటు పోయి, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగినట్టు లెక్క. తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది.’ చెరువు నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. రాత్రంతా నీళ్లు కదులుతుంటేనే పంట బతుకుతుంది. ఆయనకి ప్రశాంతత అంటే ఏరేటరు చప్పుడే.

ఊహ తేలికైన విషయం కాదు కాబట్టి ఇంత చెబుతున్నాను. పుల్లటి మామిడికాయని తలుచుకుంటే నోట్లో నీళ్లూరతాయి కదా. భయాన్ని తలుచుకున్నా ఒళ్లు అలాగే స్పందిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, పిడికిలి బిగుస్తుంది. కళ్లు మూసుకుని, మన గొంతునే నమ్ముకుని కూర్చున్న మనిషికి అది ఇంకా ఎక్కువ.

అయితే ఇలా మాటలతో ఊహలో చూపించే బొమ్మలే వద్దా? అసలు బొమ్మ లేకుండానే ధ్యానం నడుస్తుంది, ముందు ఆ ధైర్యం తెచ్చుకోండి. బౌద్ధుల ఆనాపానసతిలో మొదలంతా వచ్చే ఊపిరిని, పోయే ఊపిరిని ఎరుకతో చూడడమే. కోనసీమలోనే ఆదుర్రులో పాత బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది, ఇంత పాత సాధనకి మన వర్ణనలేవీ అవసరం పడలేదని. కొత్తగా నడిపేవాళ్లు మొదటి పది సెషన్లూ బొమ్మలు లేకుండానే నడపండి.

ఆ తరవాత బొమ్మ కావాలనిపిస్తే, మీరు ఇవ్వకండి, వాళ్లనే తెచ్చుకోనివ్వండి. సెషన్‌కి ముందు చాపలు పరుస్తూ మామూలుగా అడగండి, ‘మీకు హాయిగా ఉండే చోటు ఏదండీ?’ అని. నాకు దొరికిన జవాబులు నేను ఎప్పటికీ కల్పించలేనివి. అన్నాలయ్యాక మధ్యాహ్నం పూట వంటింటి గడప. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదారి దాటించే పెద్ద పడవ, అదే పంటు, దాని మీద రైలింగు పక్కన. పెళ్లి కాకముందు పుట్టింటి పెరడు. చూడండి, పంటు మీద ఉన్నాయనకి వశిష్ఠ గోదావరే హాయి. ఆయన ఎంచుకున్నది కాబట్టి అది ఆయనకి పనిచేస్తుంది. అదే నది నేను పదిమందికీ పంచితే ఒకరికి కాకపోతే ఒకరికి గుచ్చుకుంటుంది.

ఇప్పుడు ఈ వారం సాధన చేయాల్సిన మాటలు. నేను వాడేవి ఇవి. మీ యాసలోకి మార్చుకోండి. ‘శ్వాస’ అంటే దూరంగా వినిపించే ఊళ్లో ‘ఊపిరి’ అనండి.

‘మీ ఒళ్లు నేలని ఎక్కడెక్కడ తాకుతోందో చూసుకోండి.’ పదిహేను సెకన్లు ఆగండి.

‘చేతులు ఎక్కడున్నాయో అక్కడే ఉండనివ్వండి. వాటి వెచ్చదనం తెలుస్తోందా?’ ఇరవై సెకన్లు.

‘మీకు హాయిగా ఉండే చోటు ఏదైనా ఉంటే దాన్ని రానివ్వండి. ఇల్లు కావచ్చు, పొలం కావచ్చు, బస్సులో కిటికీ పక్క సీటు కావచ్చు. ఏదీ రాకపోయినా ఇబ్బంది లేదు, ఈ చాప చాలు.’ ముప్పై సెకన్లు.

‘అక్కడ ఏం వినిపిస్తోంది?’ మళ్లీ ముప్పై.

‘ఎప్పుడైనా ఇబ్బందిగా అనిపిస్తే వదిలేసి మీ చేతుల దగ్గరికి వచ్చేయండి. కళ్లు తెరవాలనిపిస్తే తెరవొచ్చు.’ ఇక్కడ రెండు నిమిషాల మౌనం.

‘ఇప్పుడు ఈ మండపంలో వినిపిస్తున్న చప్పుళ్లు వినండి.’ ఇరవై సెకన్లు. ఆ తరవాత మెల్లగా కళ్లు తెరిపించండి.

ఇందులో ‘చేతుల దగ్గరికి వచ్చేయండి’ అన్న వాక్యం ఎప్పుడూ వదలకండి. అది బయటికి వచ్చే తలుపు. ఆ తలుపు ఊపిరి కూడా కావచ్చు, కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకీ ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లకీ ఊపిరి మీద ధ్యాస పెట్టడమే ఒక్కోసారి ఆయాసంగా ఉంటుంది. చేతులతో ఆ చిక్కు లేదు. అలాగే ‘తీసుకోండి... వదలండి’ అని గుంపు మొత్తానికి తాళం వేయకండి. పెద్దవాళ్లు కూర్చుని ఉన్నప్పుడు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తారు, ఒకరి వేగం ఇంకొకరికి పట్టదు. ఊపిరి బిగపట్టమని అసలే అనకండి. ‘రిలాక్స్ అవ్వండి’ అన్నదీ మానేయండి, ఆ మాట వినగానే భుజాలు బిగుసుకునేవాళ్లని చాలామందిని చూశాను.

మీరు కళ్లు మూసుకోకండి. నడిపేవాళ్ల పని చూడడం. చేతుల్ని, మెడని, ఊపిరిని చూస్తూ ఉండండి. ఎవరైనా బిగుసుకుంటే కాగితం పక్కన పెట్టేసి అందరికీ కలిపి చెప్పండి, ‘ఇప్పుడు కళ్లు తెరిచి మీ ఎదురుగా ఉన్నదేదో ఒకటి చూడండి’ అని. ఆ మనిషి పేరు పెట్టి పిలవొద్దు, వెనకనుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేయొద్దు. కన్నీళ్లు వస్తే రానివ్వండి, అవి ఆపాల్సినవి కావు. అయిపోయాక పక్కన కూర్చుని మంచినీళ్లివ్వండి. ఏం జరిగిందో తవ్వి అడగకండి, చెబితే వినండి. నిద్ర పట్టడం లేదనో, పాతవి పదేపదే కళ్లముందుకొస్తున్నాయనో అంటే డాక్టరుకి చూపించుకోమని సూటిగా చెప్పండి. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు నా సంచిలో కాగితం మీద రాసి ఎప్పుడూ ఉంటుంది.

ఆ మామ్మగారు తరవాతి వారం వస్తారనుకోలేదు. వచ్చారు. స్తంభం దగ్గర కాకుండా మెట్ల పక్కన, బయటికి దారి కనిపించేచోట కూర్చున్నారు. కళ్లు మూసుకోలేదు, గర్భగుడి ముందు దీపాన్ని చూస్తూ ఉన్నారు. నేను వద్దనలేదు. ఇప్పటికీ అలాగే కూర్చుంటారు.

ఈ వారం పని ఇదీ. మీ గుంపులోవాళ్లని ముగ్గురిని ‘హాయిగా ఉండే చోటు’ అడిగి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీరు ఇప్పటికే వాడుతున్న కాగితం ఏదైనా ఉంటే తీసి, అందులో నీళ్లు, గాలి, చీకటి, మునగడం, తేలడం ఉన్న వాక్యాల కింద గీత గీయండి. తరవాత పైన ఇచ్చిన మాటల్ని గడియారం చూసుకుంటూ ఒకసారి రికార్డు చేసి వినండి. రెండు నిమిషాల మౌనం మీకే మరీ ఎక్కువైనట్టు అనిపిస్తుంది. తగ్గించకండి.

వచ్చే పాఠంలో మధ్యలో నిద్రపోయేవాళ్ల గురించి. నాట్లు వేసి నేరుగా వచ్చి కూర్చున్నవాళ్లని లేపాలా వద్దా అన్నదాని దగ్గర మొదలుపెడదాం.