పంటల మీద ఎగరాలంటే ముందు మందు కలపడం నేర్చుకోండి

లైసెన్సు చేతికి రాగానే పంటలకు మందు చల్లే విమానం ఎక్కేయవచ్చని ఆశపడే వాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. నేను ముందుగా అడిగేది ఒకటే: మందు కలపడం వచ్చా?

నేను రెండు సీజన్లు నేల మీదే పనిచేశాను. విమానం దిగిన కొద్ది నిమిషాల్లో తొట్టి నింపి తిరిగి పంపడం నా పని. మొదటి నెలలోనే పొడి మందు కంటే ముందు నూనె మందు పోశాను. అంతా విరిగిన పాలలా గడ్డకట్టి నాజిళ్లు మూసుకుపోయాయి. ఒక్కొక్కటీ విప్పి కడిగేసరికి పొద్దు వాలింది. ఆ రోజు చల్లవలసిన పొలం అలాగే ఉండిపోయింది. సీసా మీద వేరే సూచన లేకపోతే ముందు సగం నీళ్లు, తర్వాత పొడి మందు, అది బాగా కలిశాక చిక్కటి ద్రవ మందు, ఆపైన నూనె మందు. ఈ వరస మళ్లీ తప్పలేదు.

ఈ పని వెతుక్కుంటూ వెళ్లేది పిచికారీ జోరుగా సాగే రోజుల్లో కాదు. సీజన్ ముగిశాక విమానాలు విప్పి మరమ్మతు చేస్తున్నప్పుడు వెళ్లండి. యజమానికి మాట్లాడే తీరిక అప్పుడే ఉంటుంది. కొత్తవాడికి విమానం ఇస్తే బీమా దొరకడం కష్టం కాబట్టి, ఆయన మిమ్మల్ని ముందు నేల మీద చూడాలనుకుంటాడు.

కమర్షియల్ పైలట్ లైసెన్సు ఎలాగూ కావాలి. దానికి చాలా చోట్ల 200 గంటలు ఎగరాలి, అమెరికాలో సాధారణంగా 250. చాలా దేశాల్లో మందు చల్లడానికి విడిగా అనుమతి కూడా తీసుకోవాలి. ఆ గంటల్లో వీలైనన్ని తోకచక్రం విమానం మీద గడపండి. మందు చల్లే ఎయిర్ ట్రాక్టర్, థ్రష్ విమానాలు ఆ రకానివే. వాటి బరువు ముందు చక్రాలకు వెనకగా ఉంటుంది. దిగేటప్పుడు ముక్కు కాస్త పక్కకు తిరిగినా తోక ముందుకు రావాలని చూస్తుంది. విమానం పూర్తిగా ఆగేదాకా కాళ్లు పెడల్స్ మీద పనిచేస్తూనే ఉండాలి.

ఇక తీగలు. దీని గురించి ఎంత చెప్పినా నాకు తృప్తి ఉండదు. పైరుకు 3 మీటర్ల ఎత్తున, గంటకు 200 కిలోమీటర్లకు పైగా వెళ్తుంటే కరెంటు తీగ కంటికి ఆనదు. అందుకే తీగను వెతకవద్దు, స్తంభాన్ని వెతకండి. పొలంలో మోటారు కనిపిస్తే దానికి కరెంటు ఎటునుంచి వస్తోందో తేల్చుకునేదాకా కిందికి దిగవద్దు. నిన్న చల్లిన పొలమే అయినా ఈ రోజు మళ్లీ పైనుంచి చుట్టి చూడండి. తీగను దాటవలసి వస్తే స్తంభం మీదుగా దాటండి, అది కనిపిస్తుంది కాబట్టి.

గాలి అసలు కదలని తెల్లవారుజాము చల్లడానికి అనువైనదని నేనూ అనుకునేవాణ్ని. కానీ అలాంటప్పుడు నేల దగ్గర చల్లగాలి, దాని పైన వేడిగాలి పరుచుకుంటే సన్నటి తుంపర కిందికి దిగక పక్క పొలాల్లోకి పాకుతుంది. గాలి తీరు చూడటానికి విమానం నుంచి వదిలే పొగ పైకి లేవకుండా పొరలా పరుచుకుంటే వెనక్కి వచ్చేయండి.

మీ తొలి పిచికారీలు మామూలు నీళ్లతోనే ఉంటాయి. పెద్ద ఎయిర్ ట్రాక్టర్ తొట్టిలో దాదాపు 3,000 లీటర్లు పడతాయి, అంటే ఇంచుమించు 3 టన్నులు. ఇంజిను బలం తగ్గితే ఆ బరువును కొన్ని సెకన్లలో వదిలేసే మీట ఒకటి ఉంటుంది. నేలమీద కూర్చుని, కళ్లు మూసుకుని, తడుముకోకుండా చెయ్యి దాని మీద పడేదాకా సాధన చేయండి. ఆ తర్వాతే ఇంజిను తిప్పండి.