ఒకే రచనకు పలువురు రచయితలున్నప్పుడు సైటేషన్ రాసే పద్ధతి

చెన్నైలో పరిశోధన చేస్తున్న తెలుగు విద్యార్థుల వ్యాసాలను సరిచూసేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించే చిక్కు, మిగతా రచయితల పేర్లకు బదులు రాసే ‘ఎట్ ఆల్.’ ఎక్కడ పెట్టాలన్నది కాదు, రచయిత పేరులో ఏ భాగాన్ని ముందు రాయాలన్నది. అయినా మొదటిదాన్ని ముందుగా తేల్చుకోవడం మంచిది.

మీ విభాగం ఏ సైటేషన్ శైలిని, అంటే మూలాలను ఉదహరించే ఏ పద్ధతిని, కోరుతోందో తెలుసుకోండి. 2019లో వెలువడిన ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి ఏడవ కూర్పు ప్రకారం, రచయితలు ఇద్దరైతే ప్రతిసారీ ఇద్దరి పేర్లూ రాయాలి. ఆధునిక తెలుగు వ్యాకరణంపై ఇంగ్లీషులో వచ్చిన గ్రంథాన్ని ఉదహరిస్తే ‘కృష్ణమూర్తి & గ్విన్, 1985’ అని కుండలీకరణాల్లో చూపాలి; అవే పేర్లు వాక్యంలో భాగంగా వస్తే ‘&’ గుర్తుకు బదులు ‘అండ్’ అన్న మాటే రాయాలి. ముగ్గురు లేదా అంతకు మించి ఉంటే మొదటి ప్రస్తావన నుంచే మొదటి రచయిత పేరు, ‘ఎట్ ఆల్.’ సరిపోతాయి. ఇంజనీరింగ్ విద్యార్థులందరికీ తెలిసిన అల్గారిథమ్స్ పుస్తకానికి నలుగురు రచయితలున్నా, దాని మూడవ కూర్పును ‘కార్మెన్ ఎట్ ఆల్., 2009’ అంటే చాలు. ఐదుగురి వరకు మొదటిసారి అందరి పేర్లూ రాయాలన్నది ఆరవ కూర్పు నాటి నియమం. పాత థీసిస్‌ను నమూనాగా పెట్టుకున్నవారు ఇక్కడే పొరబడతారు.

వ్యాసం చివర ఇచ్చే మూలాల పట్టికలో మాత్రం ఇరవై మంది వరకు అందరినీ చేర్చాలి. అంతకు మించితే మొదటి పందొమ్మిది మంది, మూడు చుక్కలు, ఆఖరి రచయిత. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశిపై 2015లో వచ్చిన పత్రానికి అయిదు వేలకు పైగా రచయితలున్నారు కాబట్టి ఈ నియమం ఊరికే పెట్టింది కాదు. ఎంఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) శైలిలో ముగ్గురు దాటితే కాదు, ముగ్గురున్నా పట్టికలో సైతం ‘ఎట్ ఆల్.’ వస్తుంది. ఇంజనీరింగ్‌లో వాడే ఐఈఈఈ శైలిలో వ్యాసం మధ్య అంకె మాత్రమే ఉంటుంది, పట్టికలో ఆరుగురికి మించినప్పుడే కుదింపు.

‘ఎట్ ఆల్.’ అంటే ‘మరికొందరు’ అని అర్థం, కనుక అది ఒక్కరికి బదులుగా నిలవదు. ఒకే ఏడాది వచ్చిన రెండు పత్రాల్లో చివరి రచయిత ఒక్కరే వేరైతే, ఏపీఏలో రెండుచోట్లా అన్ని పేర్లూ రాయవలసిందే. రచయితల వరుసను అకారాదిగా మార్చకండి. పత్రంపై అచ్చయిన క్రమమే ప్రమాణం.

ఇక పేర్ల సంగతి. సి.వి. రామన్ పేరులోని ‘సి’ తండ్రి పేరైన చంద్రశేఖర్‌ను సూచిస్తుంది కాబట్టి, తమిళుల ఇనీషియల్‌ను ఇంటిపేరుగా విస్తరించబోవడం తప్పు, ‘రామన్, సి. వి.’ అని వదిలేయాలి. పైన ఉదహరించిన భద్రిరాజు కృష్ణమూర్తి పేరులో భద్రిరాజు అన్నది నిజంగా ఇంటిపేరే అయినా, ఆయన ఇంగ్లీషు రచనలు ‘కృష్ణమూర్తి’ పేరుతోనే ఉదహరింపబడతాయి. సైటేషన్లను తయారుచేసే జొటెరో వంటి సాఫ్ట్‌వేర్‌కు ఈ తేడాలేవీ తెలియవు. విడిగా రాసిన ‘రావు’ను ఇంటిపేరు గడిలో వేసేస్తుంది.

నా అధ్యాయం ఒకదానిలో ఇలాగే ముగ్గురు వేర్వేరు వ్యక్తులు ఒకే ‘రావు ఎట్ ఆల్.’గా మారిపోతే, మా పర్యవేక్షకులు మూడింటికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి తిప్పి పంపారు. ప్రతి పత్రం మొదటి పేజీ తెరిచి, రచయిత తన పేరును ఎలా అచ్చు వేయించుకున్నారో చూసి గడులు సరిచేశాను. అప్పటికీ ‘రావు’గానే మిగిలిన ఇద్దరికి, ఏపీఏ చెప్పినట్టు, వ్యాసంలో వచ్చిన ప్రతిచోటా ముందు ఇనీషియల్స్ చేర్చాను.